ఒకే బోరు కింద జొన్న నిలిచి, వరి ఎందుకు వాడుతుంది?

అయ్యా, కావలి దగ్గర మీ బోరు కింద వేసవిలో జొన్న పచ్చగా ఉండి వరి వాడిపోవడం విత్తన లోపమా అని అడిగారు. కాదు. వరి వేర్లు పైపైనే ఉండడం ఒక కారణం. రెండోది ఆకులోనే ఉంది. వరి ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో ఎంజైము, ఎండ ముదిరేకొద్దీ దానికి బదులు ఆక్సిజన్‌ను పట్టుకొని కొంత శ్రమను వృథా చేస్తుంది. జొన్న, మొక్కజొన్న, చెరకు ఆకుల్లోనైతే ఈనెల చుట్టూ ఉంగరంలా అమరిన కణాలలోకి కార్బన్ డయాక్సైడ్ చేరి చిక్కబడుతుంది కనుక, పత్రరంధ్రాలు కొంత మూసుకున్నా ఆహారం తయారుచేసే పని సాగుతుంది, నీరూ ఆదా అవుతుంది. 30 డిగ్రీల వద్ద సూర్యశక్తిని పంటగా మార్చుకోవడానికి సిద్ధాంతపరమైన గరిష్ఠ పరిమితి వరిలాంటి మొక్కలకు సుమారు 4.6 శాతం, జొన్నలాంటి వాటికి 6 శాతం. రాత్రిపూట రంధ్రాలు తెరిచే బ్రహ్మజెముడు నీటిని ఇంకా పొదుపుగా వాడినా, నెమ్మదిగా పెరుగుతుంది. నీరు తగ్గే వేసవిలో మీరు వరి మానుకొని జొన్న గాని సజ్జ గాని వేయడమే మేలు.