సంగీతం రాదు, డేనిష్ రాదు. ఇక్కడ డెన్మార్క్‌లో క్వయర్‌లో, అంటే కలిసి పాడే బృందంలో, తీసుకుంటారా అని అడిగారు.

తీసుకుంటారు. నన్నే తీసుకున్నారు, ఇంకేం కావాలి? మీరు చిన్నప్పుడు సరళీ స్వరాలతో ఆగిపోయానని రాశారు. నేను అక్కడిదాకా కూడా వెళ్లలేదు.

మాది ఆర్హూస్ దగ్గర చిన్న ఊరు. మొదటి రోజు నా గొంతు విని "ఆల్టో" అన్నారు. ఆల్టో అంటే అప్పటికి నాకు తెలిసింది మారుతి కారు ఒక్కటే. ఆడవాళ్లలో కింది గొంతు అన్నమాట. అసలు రాగమంతా సొప్రానోలు, అంటే పై గొంతువాళ్లు, పట్టుకుపోతారు, మనకు మిగిలేది దాని కింద రెండు మూడు స్వరాల మధ్యే తిరిగే వరస. వారానికో సాయంత్రం రిహార్సల్, మధ్యలో కాఫీ, కేకు. కేకు వంతులవారీగా తేవాలి. నా వంతుకి రవ్వలడ్డూలు పట్టుకెళితే ఫోర్కుతో పొడుచుకుని తిన్నారు.

భాష గురించి భయపడకండి. మాట్లాడే డేనిష్ కష్టం, పాడే డేనిష్ నయం. పాటలో ప్రతి అక్షరం సాగుతుంది కాబట్టి ఆలోచించుకునే టైం ఉంటుంది. నేను నొటేషన్ కాగితం మీద ఆ మాటలు తెలుగు లిపిలోనే రాసుకున్నాను. మేం పాడింది 'ఎల్వర్‌స్కూద్', సోలో గాయకులు, క్వయర్, ఆర్కెస్ట్రా కలిసి పాటల్లో చెప్పే కథ. 1854లో కోపెన్‌హాగన్‌లో మొదటిసారి ప్రదర్శించారు. స్వరకర్త ఇంటిపేరు ఇక్కడివాళ్లు పలికితే అచ్చం "గేదె" అని వినిపిస్తుంది. నీల్స్ గేదె. మావారు మూడు రోజులు నవ్వారు.

కథ పాత జానపద గాథల్లోది. ఓలుఫ్ అనే కుర్రాడు పెళ్లికి ముందు రాత్రి గుర్రమెక్కి వెళతాడు. ఎల్వర్ అనే మాయజాతి రాజు కూతురు నాట్యానికి రమ్మంటుంది. రానంటాడు. గుండె మీద కొడుతుంది. తెల్లారి ఇంటికొచ్చి వాళ్లమ్మ ముందే ప్రాణం వదిలేస్తాడు. మన కామినీ దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయంటారు కదా, ఇక్కడి ఎల్వర్ ఆడవాళ్లకు వీపు ఉండదు, వెనక నుంచి చూస్తే బోలు. వాళ్లు దిబ్బల్లో ఉంటారని నమ్మేవారు. ఆ దిబ్బలు చాలావరకు కంచు యుగం నాటి సమాధులు, ఇప్పటికీ పొలాల మధ్య కనిపిస్తాయి. నేను రిహార్సల్‌కి సైకిల్ మీద వెళ్లే దారిలో ఒకటి ఉంది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, అక్కడికి రాగానే సైకిల్ దానంతటదే స్పీడందుకునేది.

సరే, నా పరువు పోయిన రోజు సంగతి చెబుతాను. మూడో భాగం మొదట్లో ఒక ఉదయగీతం ఉంది, తూర్పున సూర్యుడు లేస్తున్నాడు అని. ఆ పద్యం ఇంగెమన్ అనే కవి పిల్లల కోసం రాసింది, 1837 నాటిది. దానికి వైసె అనే ఆయన కట్టిన వరస ఇక్కడ పిల్లలందరికీ వచ్చు. మా అమ్మాయి బడిలో నేర్చుకొచ్చి ఇంట్లో పాడితే, గిన్నెలు తోముతూ నాకూ వచ్చేసింది. గేదె గారు అదే పద్యానికి వేరే వరస కట్టారు. నాలుగు నెలలు పియానోతో ఆ వరసే నేర్చుకున్నాం, ఇబ్బంది రాలేదు.

కచేరీకి ముందు శనివారం ఆర్కెస్ట్రా వచ్చింది. వాళ్లూ అమెచ్యూర్లే. హార్న్ ఊదే ఆయన రిటైరైన పళ్ల డాక్టరు. ఆర్కెస్ట్రా వచ్చిందంటే పియానో పోయింది, అంటే మాకు మొదటి స్వరం అందించే దిక్కు పోయింది. పైగా వెనక నలభై వాయిద్యాలు. టెన్షన్‌తో చేతిలో కాగితం తడిసిపోయింది. మమ్మల్నందరినీ చేత్తో నడిపించే కండక్టర్ చెయ్యెత్తారు, అందరం ఊపిరి పీల్చాం, నా నోట్లోంచి మా అమ్మాయి పాట వచ్చింది. మెల్లగా కాదు, గట్టిగా! నేను అంత ధీమాగా పాడుతుంటే అదే సరైనదేమోనని నా పక్కనున్న ఇద్దరు కూడా అందుకున్నారు.

కండక్టర్ ఆపేశారు. "మాటలు సరిగ్గానే ఉన్నాయి, స్వరకర్త మాత్రం వైసె" అన్నారు. డాక్టరు గారు హార్న్ ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత కండక్టర్ అందరినీ లేవమని, ఆ వైసె వరసే ఒకసారి పాడించారు. వయొలిన్లు కింద పెట్టి ఆర్కెస్ట్రా వాళ్లూ పాడారు, ఎవరి చేతిలోనూ కాగితం లేదు. "ఇప్పుడు నోట్లోంచి అది పోయింది కదా, గాడిలో పడదాం" అని మళ్లీ మొదలుపెట్టారు. కచేరీ రోజు నేను తప్పలేదు.

మన ఉగాది ఫంక్షన్లలో ఇలాంటిది జరగదు, ఎందుకంటే ఎవరూ కలిసి పాడరు. ఒకరి తర్వాత ఒకరు ట్రాక్ పెట్టుకుని సోలో. పాడడం అయిపోగానే మైకు పక్కవాళ్లకిచ్చి నేరుగా భోజనాల దగ్గరికి. కోరస్‌కి నలుగురు కావాలంటే ఎవరూ దొరకరు. చర్చి క్వయర్లలో పెరిగినవాళ్లను మినహాయిస్తున్నాను, వాళ్లకు ఈ రుచి తెలుసు. మిగతా మనందరికీ "వంత పాడటం" అంటే తిట్టు! అసలు బుర్రకథలో ఆ ఇద్దరు వంతలూ లేకపోతే కథకుడు ఏమవుతాడు? తందాన అనేవాళ్లు లేక మధ్యలోనే గుక్క తిప్పుకోలేక కూర్చుంటాడు. ఎల్వర్‌స్కూద్‌లోనూ అంతే. సోలోలు ముగ్గురివే. అయినా చివర్లో, కుర్రాళ్లూ ఆ దిబ్బ మీద పడుకోకండిరా అని జనానికి చెప్పేది మేమే, వంతవాళ్లం.

మీరు మగవాళ్లయి, గొంతు కాస్త పైకి వెళుతుందనుకుంటే "టెనార్" అని చెప్పి చూడండి. ఎక్కడికెళ్లినా టెనార్లకు కరువే. డేనిష్ వచ్చా అని కూడా అడగరు, కుర్చీ వేసి కూర్చోబెడతారు. కేకు మాత్రం తప్పదు.