ఒక్క పగలు, నాలుగు శిఖరాలు: ఒంటరి నడకపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కొలరాడోలో 14,000 అడుగులు దాటిన శిఖరాలను ‘ఫోర్టీనర్లు’ అంటారనీ, వాటిలో డెమోక్రాట్, కేమరాన్, లింకన్, బ్రాస్ అనే నాలుగింటిని కలుపుతూ ఒక్క రోజులో చుట్టి రాగల ‘డెకాలిబ్రాన్’ అనే దారి ఉందనీ విన్నాను. మొత్తం దూరం ఏడు మైళ్ల పైచిలుకేనట. అలిపిరి మెట్ల దారిన తిరుమలకు చాలాసార్లు నడిచినవాడిని. ఆగస్టులో ఒక శనివారం ఒంటరిగా వెళ్లాలని ఉంది. సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: సాధ్యమే. తాళ్లు కట్టుకుని ఎక్కవలసిన చోటు ఈ దారిలో ఎక్కడా లేదు, ఏటా వేసవిలో ఎందరో ఒంటరిగానే పూర్తి చేస్తుంటారు. అయితే మీరు మైళ్ల లెక్కను కాసేపు పక్కన పెట్టి అడుగుల లెక్క చూడాలి. నడక మొదలయ్యే కైట్ లేక్ అనే చిన్న సరస్సే దాదాపు 12,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఎక్కుతూ దిగుతూ, మళ్లీ ఎక్కుతూ, మొత్తం మీద మీరు ఎక్కేది సుమారు 3,700 అడుగులు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కిన దమ్ము తప్పకుండా అక్కరకు వస్తుంది కానీ తిరుమల కొండ సముద్రమట్టానికి 3,000 అడుగుల దరిదాపుల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని అతి ఎత్తైన శిఖరాలలో ఒకటైన జిందగడ 1,690 మీటర్లు, అంటే మీరిప్పుడు కాపురమున్న డెన్వర్ నగరం కంటే మూడు వందల అడుగులు కూడా ఎక్కువ కాదు. 14,000 అడుగుల దగ్గర గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండే దానిలో అరవై శాతం మాత్రమే ఉంటుంది కాబట్టి, కింద పరుగెత్తగలిగిన మనిషి కూడా అక్కడ పది అడుగులకొకసారి నిలబడవలసి రావచ్చు. డెన్వర్‌లో ఉండడం మీకు కొంత మేలు చేస్తుంది. ముందు రోజు రాత్రి 10,500 అడుగులకు పైన ఉన్న ఆల్మా పట్టణంలోగానీ, దానికి దగ్గరలోని ఫెయిర్‌ప్లేలోగానీ పడుకోగలిగితే మరికొంత మేలు. పైగా తెల్లవారుజామున రెండు గంటలకు పైగా కారు నడిపే బాధ తప్పుతుంది.

ఇక ఆగస్టు సంగతి. ఈ నడకకు అసలు యజమాని గడియారమే. జూలై, ఆగస్టు నెలల్లో రాకీ పర్వతాల మీద ఉదయమంతా ఆకాశం నిర్మలంగా కనిపించి, పదకొండు గంటలకు తెల్లని మబ్బులు పొంగడం మొదలై, మధ్యాహ్నానికి ఉరుములతో కూడిన వాన దిగడం సర్వసాధారణం. చెట్లు 11,500 అడుగుల ప్రాంతంలోనే ఆగిపోతాయి కనుక మీ నడకంతా బట్టబయలు మీదే సాగుతుంది. తలదాచుకోవడానికి చెట్టుగానీ కప్పుగానీ దొరకని ఆ గట్టు మీద అందరికన్నా ఎత్తుగా నిలబడిన వస్తువు మీరే అవుతారు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు పడగల దూరంలోనే మీరు ఉన్నారని అర్థం. అప్పుడు ఎంత దూరంలో ఉందో లెక్కపెడుతూ నిలబడకుండా దిగడం మొదలుపెట్టాలి. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే ప్రమాదం తప్పుతుందని కొందరు చెబుతారు, దానిని నమ్ముకోవద్దు. తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నర మధ్య తలకు కట్టుకునే హెడ్‌ల్యాంపుతో బయలుదేరి, పదకొండు లోపల చివరి శిఖరం దాటి దిగుడులో ఉండేటట్లు చూసుకోండి. పూర్తి చుట్టుకు మామూలుగా ఐదు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. సెలవు దొరికితే ఆగస్టు శనివారానికి బదులు సెప్టెంబరు మొదటి వారాల్లోని పనిదినం ఎంచుకోమని నా సలహా. వానలు తగ్గుముఖం పడతాయి, జనం తక్కువగా ఉంటారు, మంచు ఇంకా కుదురుకోదు.

ప్రశ్న: ఈ చుట్టును ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి? మధ్యలో ఓపిక చాలకపోతే వెనక్కి రావడానికి వీలుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఒంటరిగా, అందులోనూ మొదటిసారి వెళ్లేవారు డెమోక్రాట్ నుంచే మొదలుపెట్టాలి. దానికి కారణం దారి తీరులోనే ఉంది. సరస్సు నుంచి నేరుగా ఎక్కితే డెమోక్రాట్‌కూ కేమరాన్‌కూ నడుమ సుమారు 13,400 అడుగుల ఎత్తున ఒక కనుమ వస్తుంది. ఎడమకు తిరిగి మరో ఏడెనిమిది వందల అడుగులు ఎక్కితే డెమోక్రాట్. అది చూసుకుని మళ్లీ ఆ కనుమకే దిగి రావాలి. అంటే రోజులో మొదటి శిఖరం పూర్తయ్యాక, ఇంటికి పోయే దారీ ముందుకు సాగే దారీ రెండూ సమానంగా తెరిచి ఉన్నచోట మీరు నిలబడతారు. తల నొస్తోందా, కడుపులో తిప్పుతోందా, పడమటి ఆకాశం ఎలా ఉంది, గంట ఎనిమిది దాటిందా అన్నవి అక్కడ కూర్చుని నెమ్మదిగా తేల్చుకోవలసిన ప్రశ్నలు. వీటిలో ఒక్కదానికైనా జవాబు బాగా లేకపోతే గంటన్నరలో కారు దగ్గర ఉండవచ్చు. ఒక ఫోర్టీనరు ఎక్కిన తృప్తి ఎలాగూ మిగులుతుంది.

కనుమ దాటి కేమరాన్ మీదికి మరో 850 అడుగులు ఎక్కిన తరువాత ఈ సౌకర్యం తగ్గిపోతుంది. కేమరాన్ నుంచి లింకన్‌కు అర మైలు దూరమే, నడుమ పల్లం కూడా స్వల్పమే, అందుకే ఆ భాగం అన్నిటికన్నా సులువుగా తోస్తుంది. అయితే అక్కడి నుంచి ఏ దారిన దిగినా దూరమే అవుతుంది. నాలుగింటిలో ఎత్తైన లింకన్ సుమారు 14,290 అడుగులు, కొలరాడో మొత్తంలోనే తొలి పదిలో ఒకటి. అక్కడ గాలి పట్టి విసిరినట్లు వీస్తుంది కాబట్టి ఫొటోల కోసం ఎక్కువసేపు నిలవకుండా కేమరాన్ పక్కగా వెనక్కి వచ్చి బ్రాస్ వైపు సాగాలి.

అసలు ఇబ్బంది బ్రాస్ నుంచి సరస్సుకు దిగే ఏటవాలులో ఉంది. అది చిన్న చిన్న వదులు రాళ్లతో, కాలు పెడితే జారే మట్టితో నిండి ఉంటుంది. మోకాళ్లు అలసి, నీళ్లు అయిపోయి, పని అయిపోయిందనుకున్న వేళ ఎదురయ్యే చోటు కావడంతో చీలమండ మెలికపడేది కూడా అక్కడే. రెండు చేతికర్రలు కేవలం ఈ దిగుడు కోసమైనా మోసుకెళ్లదగినవి. దీనికి భయపడి కొందరు చుట్టును తిరగేసి ముందు బ్రాస్ ఎక్కుతారు. వారి వాదనలో న్యాయం ఉంది, జారుడు నేల మీద దిగడం కన్నా ఎక్కడం నయమే. అయినా ఒంటరి మనిషికి ఆ కనుమ దగ్గర దొరికే నిర్ణయావకాశం అంతకన్నా విలువైనదని నేను అనుకుంటాను.

ప్రశ్న: బ్రాస్ శిఖరం మీద కాలు పెట్టకూడదని ఒక మిత్రుడు అంటున్నాడు. పర్వతం ఒకరి సొత్తు ఎలా అవుతుంది? అక్కడికి వెళ్లకపోతే నాలుగు శిఖరాలు ఎక్కినట్లు చెప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ మిత్రుడి మాట నిజం. ఈ మస్కిటో పర్వత శ్రేణిలో 1870ల నాటికే వెండి గనుల వేట ముమ్మరమైంది. అప్పటి గనుల చట్టాల కింద కొండ భాగాలను గనుల హక్కులుగా వ్యక్తులు దక్కించుకున్నారు, ఆ హక్కులు చేతులు మారుతూ నేటికీ నిలిచి ఉన్నాయి. దారి పొడవునా కనిపించే కూలిన కొయ్య కట్టడాలు, రాతి గుట్టలు ఆ కాలానివే. పాత సొరంగాల వైపు పోవద్దు. గనిలో పడి ఎవరైనా గాయపడితే దావా తమ మీదికి వస్తుందని యజమానులకు భయం. ఆ భయంతోనే 2005లో ఈ కొండలను మూసివేశారు, తరువాత కొన్ని ఏర్పాట్లతో తెరిచారు, 2023లో మళ్లీ కొంతకాలం మూశారు. అదే ఏడాది డెమోక్రాట్ పైభాగపు భూమిని ఒక పర్యావరణ సంస్థ కొని అమెరికా అటవీ సేవకు అప్పగించింది. 2024లో కొలరాడో శాసనసభ భూయజమానుల బాధ్యతకు సంబంధించిన చట్టాన్ని సవరించి, హెచ్చరిక బోర్డులు పెట్టిన యజమానులకు మరికొంత రక్షణ కల్పించింది. బ్రాస్ శిఖరాగ్రం మాత్రం మూసే ఉంది. దానికి కాస్త దిగువగా పక్కదారి వేశారు, బోర్డులను అనుసరించి దాని మీదే నడవాలి. ఎవరూ చూడడం లేదు కదా అని పైకి వెళ్లేవారు తమ సరదా కోసం మిగతా శిఖరాల దారి కూడా మూసుకుపోయేలా చేస్తున్నారు. బయలుదేరే ముందు అటవీ సేవ ప్రకటనలు చూసుకోండి; రుసుము, పార్కింగ్, మూసివేత వివరాలు ఏటా మారుతుంటాయి. ఆల్మా నుంచి సరస్సుకు వెళ్లే మట్టిరోడ్డు చివరి భాగానికి నేల నుంచి ఎత్తుగా ఉండే బండి కావాలన్న సంగతీ గుర్తుంచుకోండి.

లెక్క మాటకొస్తే, కేమరాన్‌కు కూడా ఒక చిక్కు ఉంది. పక్క శిఖరానికి వెళ్లే పల్లం నుంచి కనీసం 300 అడుగులు లేచి ఉంటేనే దానిని వేరే శిఖరంగా లెక్కించాలని కొలరాడో పర్వతారోహకుల ఆనవాయితీ. కేమరాన్ అంత లేవదు కనుక అధికారికంగా పేరున్నా జాబితాలో దానికి వరుస సంఖ్య ఇవ్వరు. కాబట్టి పట్టుదలగా లెక్కేస్తే నిబంధన పాటించి చుట్టివచ్చినవారికి దక్కేవి డెమోక్రాట్, లింకన్ రెండే. నాలుగు అని చెప్పుకుంటే తప్పుపట్టే పెద్దమనుషులు ఎవరూ లేరు గానీ, బ్రాస్ శిఖరాగ్రం తొక్కానని మాత్రం చెప్పకండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చదువుకుంటున్నాడు. వచ్చే నెల ఈ కొండలకు ఒంటరిగా వెళతానంటున్నాడు. వద్దంటే వినడు. నేను ఏమి జాగ్రత్తలు చెప్పాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, వద్దనకండి, అడగండి. ఏ దారిన వెళుతున్నాడు, ఎన్ని గంటలకు వెనుదిరుగుతాడు, ఎన్ని గంటల లోపు కబురు రాకపోతే ఎవరు ఎవరిని పిలవాలి అనే మూడు విషయాలను ముందే కాగితం మీద రాయించుకోండి. అయితే ఆ కాగితం మీ దగ్గర ఒక్కచోటే ఉంటే లాభం లేదు. వేసవిలో కొలరాడో మనకంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. అతను మధ్యాహ్నం రెండింటికి దిగి రావలసి ఉంటే మీకు అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. విజయవాడ నుంచి అమెరికా అత్యవసర నంబరు 911 కలవదు. కనుక అక్కడే ఉన్న ఒక స్నేహితుడి దగ్గర అదే కాగితం ఉండాలి, గడువు దాటితే ఆ ప్రాంతపు పోలీసు అధికారి అయిన పార్క్ కౌంటీ షరీఫ్ కార్యాలయానికి చెప్పవలసింది ఆ స్నేహితుడే. గడువును కాస్త ఉదారంగా పెట్టుకోమనండి, కొండ మీద ఫోను సంకేతం ఉన్నట్టే ఉండి పోతుంది. ఉపగ్రహం ద్వారా సందేశం పంపగల చిన్న పరికరం అద్దెకైనా తీసుకుంటే మీకు ఆ రాత్రి నిద్ర పడుతుంది. కొత్త ఫోన్లలో కొన్నిటికి అత్యవసర వేళల్లో ఆ సౌకర్యం ఉంది. కొలరాడోలో కొండల మీద గాలింపు, రక్షణ పనులు చేసేవారిలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులు, వారు డబ్బు అడగరు. వారి నిధికి తోడ్పడే కోర్సార్ కార్డు కొద్ది డాలర్లకే దొరుకుతుంది. అది బీమా కాదు గానీ, కొనడం మర్యాద.

ఎత్తు జబ్బు గురించి ఒక్కటి మాత్రం అతనికి కంఠస్థం కావాలి. తలనొప్పి, వికారం, నీరసం వస్తే ఇక పైకి ఎక్కకూడదు. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దిగాలి. దిగడమే దానికి మొదటి మందు. ఒంటరిగా ఉన్నవాడికి తాను తూలుతున్నానని చెప్పే రెండో మనిషి ఉండడు, ఈ నడకలో ఒంటరితనం వల్ల వచ్చే పెద్ద నష్టం అదే. అందుకే సందేహం వచ్చిందంటే జబ్బు వచ్చిందనే లెక్క వేసుకోవాలి. డాక్టరును అడగకుండా ఎత్తు జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ వంటి మాత్రలు వేసుకోకూడదు, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ప్రశ్న: తిండి, నీళ్లు, బట్టలు ఎలా?
– అదే డెన్వర్ పాఠకుడు

జవాబు: నీళ్లు మూడు లీటర్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. సరస్సు దాటాక నమ్మదగిన నీరు లేదు, చుట్టూ పాత గనులు ఉన్న చోట వాగు నీటిని నమ్మకపోవడం మేలు. ఎత్తులో ఆకలి మందగిస్తుంది కనుక ఒక్కసారిగా తినే భోజనం పనికిరాదు. పల్లీ పట్టీ, ఖర్జూరం, కొంచెం పులిహోర గంటకొకసారి ఇష్టం లేకపోయినా నోట్లో వేసుకోండి. ఆగస్టులో కూడా తెల్లవారుజామున నీరు గడ్డకట్టేంత చలి ఉండవచ్చు. చెమటకు తడిసి ఆరని నూలు చొక్కాలు వద్దు. గాలిని, వానను ఆపే పైకోటు, టోపీ, చేతి తొడుగులు, చలువ కళ్లద్దాలు, హెడ్‌ల్యాంపుకు మరో జత బ్యాటరీలు సంచిలో ఉండాలి. దారి పటం ఫోనులో దించుకుని, కాగితం మీద కూడా ఒకటి పెట్టుకోండి. చలికి ఫోను బ్యాటరీ అనుకున్న దానికన్నా ముందే దిగిపోతుంది.

ప్రశ్న: విశాఖ నుంచి మా బావమరిది వారం రోజుల కోసం వస్తున్నాడు. వచ్చిన మూడో రోజే ఇద్దరం కలిసి వెళ్లవచ్చా?
– మరో పాఠకుడు, అరోరా

జవాబు: సముద్రతీరం నుంచి వచ్చిన మనిషిని మూడో రోజున 14,000 అడుగులకు తీసుకెళ్లవద్దు. ఆ వారంలో కైట్ లేక్ వరకు కారులో వెళ్లి, సరస్సు గట్టు మీద ఒక గంట తిరిగి వచ్చేయండి. ఆయనకు తలనొప్పి రాకపోతే వారం చివర డెమోక్రాట్ ఒక్కటి చాలు.