అవే పట్టాలు, అవే కొండలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను, మావారు, మా అత్తగారు జూన్ చివర్లో ఆల్ప్స్ చూసి రావాలనుకుంటున్నాం. అత్తగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. జ్యూరిక్‌లో దిగి, మిలాన్‌లో తిరుగు విమానం ఎక్కుతాం. చేతిలో తొమ్మిది రోజులున్నాయి. నేను వేసుకున్న ప్లాన్ ఇది: లూసెర్న్ ఒక రాత్రి, ఇంటర్లాకెన్ ఒక రాత్రి, జెర్మాట్ ఒక రాత్రి, గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో సెయింట్ మోరిట్జ్, అక్కణ్ణుంచి ఇన్స్‌బ్రుక్, సాల్జ్‌బర్గ్, హాల్‌స్టాట్, చివరికి మిలాన్. అద్దాల పైకప్పున్న రైళ్లన్నీ ఎక్కాలని నా కోరిక. మావారేమో కాగితం చూసి "ఇది టూరా, పరీక్షల టైమ్‌టేబులా?" అంటున్నారు. మీరే తేల్చండి. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈసారికి మీవారి పక్షమే. రోజుకో ఊళ్లో పెట్టె సర్దడం, విప్పడం అంటే మీ అత్తగారి మోకాళ్లకి ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మీకూ చివరికి గుర్తుండేది హోటల్ మెట్లే.

ముందు ఆ అద్దాల పైకప్పు సంగతి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి 291 కిలోమీటర్లు, దాదాపు ఎనిమిది గంటలు నడుస్తుంది. ప్రపంచంలోకెల్లా నెమ్మదైన ఎక్స్‌ప్రెస్ అనే దానికి పేరు. దారిలో 291 వంతెనలు, 91 సొరంగాలు. రిజర్వేషన్ తప్పనిసరి, దానికి డబ్బు విడిగా కట్టాలి. నేనూ మా ఆవిడా ఓసారి ఎక్కాం. మూడు నెలల ముందే సీట్లు తీసుకున్నాం. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. 2033 మీటర్ల ఎత్తున ఓబర్‌ఆల్ప్ కనుమ దగ్గరికి వచ్చేసరికి నాలుగు వైపులా, పైన కూడా తెల్లగా మబ్బే. మా ఆవిడ వంతెనలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర నిద్రపోయింది. తప్పు రైలుది కాదు. టికెట్ మీద తేదీ, సీటు నంబరు అచ్చయిపోయాక వాన మన మాట వినదు కదా. ఇంకోటి, ఆ పెద్ద కిటికీలు తెరుచుకోవు. ఫొటో తీస్తే కొండ మీద మన చొక్కా గళ్లు కూడా పడతాయి. పేరులో ఉన్న గ్లేసియర్ కూడా ఇప్పుడు దారిలో లేదు. 1982లో ఫుర్కా కనుమ కింద సొరంగం తెరిచాక, ఆ పేరుకి కారణమైన రోన్ హిమనది పక్క నుంచి ఈ రైలు వెళ్లడం మానేసింది.

నేను చెప్పేదల్లా ఒకటే. అందం ఉన్నది పట్టాల పక్కన, రైలు పేరులో కాదు. పేరున్న రైళ్లు నడిచే ఈ పట్టాల మీదే మామూలు లోకల్ రైళ్లు కూడా నడుస్తాయి, చాలాచోట్ల గంటకొకటి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. వాన పడితే రేపు వెళ్లొచ్చు, నచ్చిన చోట దిగి తర్వాతి బండి ఎక్కొచ్చు. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి రైళ్లన్నీ ఒక పద్ధతిలో నడుస్తున్నాయి. ఎనిమిదింటి 32 నిమిషాలకి బండి ఉంటే తొమ్మిదింటి 32కీ, పదింటి 32కీ ఉంటుంది. అందుకే అక్కడ రైలు తప్పిపోతే ఎవరూ టెన్షన్ పడరు, వెళ్లి కాఫీ తెచ్చుకుంటారు.

ఇక మీ ప్లాన్. జెర్మాట్, ఇన్స్‌బ్రుక్, సాల్జ్‌బర్గ్, హాల్‌స్టాట్ ఈసారికి కొట్టేయండి. తిట్టుకున్నా ఫరవాలేదు. మూడు ఊళ్లు పెట్టుకోండి: లూసెర్న్ రెండు రాత్రులు, వెంగెన్ మూడు, కూర్ రెండు, చివరి రాత్రి మిలాన్. జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, అక్కణ్ణుంచి లూసెర్న్‌కి గంటకు కాస్త ఎక్కువ పడుతుంది.

మొదటి రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా సరిగ్గా ఎనిమిది రోజుల స్విస్ ట్రావెల్ పాస్ సరిపోతుంది. రైళ్లు, బస్సులు, చాలా సరస్సుల్లో పడవలు అన్నీ అందులోనే. రిజర్వేషన్ రుసుములు మాత్రం అందులో రావు. చాలామంది ఇది చూసుకోకుండా కౌంటర్ దగ్గర వాదనకి దిగుతారు.

లూసెర్న్‌లో రెండో రోజు పడవెక్కి విట్స్‌నౌకి వెళ్లండి. రేవు పక్కనే రిగీ కొండ రైలు ఉంటుంది. 1871లో వేసిన ఈ లైను యూరప్‌లో మొట్టమొదటి పళ్లచక్రాల కొండ రైలు, అంటే జారిపోకుండా పట్టాల మధ్య ఉన్న పళ్లపట్టీని చక్రంతో పట్టుకుని ఎక్కేది. 1798 మీటర్ల శిఖరానికి కాస్త కింది దాకా కూర్చునే వెళ్లొచ్చు. పడవా రైలూ రెండూ పాస్‌లోనే. మీ అత్తగారికి ఈ మొత్తం టూరులో ఇదే ఎక్కువ నచ్చుతుందని నా పందెం.

మూడో రోజు లూసెర్న్ నుంచి ఇంటర్లాకెన్‌కి బ్రూనిగ్ కనుమ మీదుగా రెండు గంటల ప్రయాణం. కుడివైపు కూర్చోండి. ముందు సార్నెన్ సరస్సు, తర్వాత కింద లోతుగా లుంగెర్న్ సరస్సు వస్తాయి. మైరింగెన్‌లో బండి ఆగి, వచ్చిన దిక్కుకే బయల్దేరుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి సీట్లు మారతారు. మీరు కదలకండి. బండి తిరిగింది కాబట్టి మీ కుడి ఇప్పుడు ఎడమ అయింది, బ్రియెన్జ్ సరస్సూ ఎడమవైపే వస్తుంది. సీటు మారినవాళ్లకి కొండ గోడ మిగులుతుంది.

ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో (అంటే తూర్పు స్టేషన్‌లో) లౌటర్‌బ్రున్నెన్ బండి ఎక్కేటప్పుడు జాగ్రత్త. ఆ బండి ట్స్వైలూచినెన్ అనే చిన్న స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది. సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, సగం గ్రిండెల్‌వాల్డ్‌కి వెళ్తాయి. రైలు పెట్టె మీద బోర్డు చూడకుండా నేను ఖాళీగా ఉందని ఒక పెట్టె ఎక్కేశాను. మా ఆవిడ సామానుతో పక్క పెట్టెలో ఉంది. గ్రిండెల్‌వాల్డ్ లోయలోకి వెళ్లాక గానీ నాకు తెలియలేదు. ఆవిడ దగ్గర పాస్‌పోర్టులు, నా దగ్గర అరటిపళ్లు. గంటన్నర తర్వాత లౌటర్‌బ్రున్నెన్ ప్లాట్‌ఫాం మీద కలిశాం. ఆవిడ ఏమీ అనలేదు, "పళ్లేవీ?" అని మాత్రం అడిగింది. అప్పటికి తినేశాను.

వెంగెన్‌లో కార్లుండవు. లౌటర్‌బ్రున్నెన్ నుంచి కొండ రైల్లోనే ఎక్కాలి. యుంగ్‌ఫ్రౌయోహ్ మీరు రాయలేదు గానీ అక్కడికెళ్లాక అందరూ అడుగుతారు. 1912 నుంచి 3454 మీటర్ల ఎత్తుకి రైలు నడుస్తోంది, నిజంగానే గొప్ప పని. కానీ వెంగెన్ దాటితే పాస్‌కి రాయితీ మాత్రమే, టికెట్ బాగా ఎక్కువ. పైగా ఆ ఎత్తులో గాలి పల్చన. మీ అత్తగారికి బీపీ ఉంటే డాక్టర్ని అడక్కుండా తీసుకెళ్లకండి. 2061 మీటర్ల ఎత్తున్న క్లైనె షైడెగ్ దాకా వెళ్లి, అక్కడ బెంచీ మీద కూర్చుంటే ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ మూడూ ఎదురుగానే ఉంటాయి. నాకైతే అది చాలు.

ఆరో రోజు కూర్. ఏడో రోజు వాన పడితే ఊళ్లోనే తిరగండి. లేకపోతే అరోసా రైలు ఎక్కండి. కూర్‌లో అది ట్రామ్‌లా వీధుల్లోంచే వెళ్తుంది, తర్వాత గంటలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కేస్తుంది.

ఎనిమిదో రోజు కోసమే ఇదంతా. పొద్దున్నే కూర్ నుంచి సెయింట్ మోరిట్జ్ బండి ఎక్కండి. ఫిలిసూర్ ముందు లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. 65 మీటర్ల ఎత్తు, ఆరు రాతి కమానులు. వంపు తిరుగుతూ నేరుగా కొండలో ఉన్న సొరంగంలోకి దూరిపోతుంది. సెయింట్ మోరిట్జ్‌లో బండి మారి టిరానో లోకల్ పట్టుకోండి. అద్దాల పైకప్పున్న బెర్నినా ఎక్స్‌ప్రెస్ వెళ్లే పట్టాలే. ఈ దారిని 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇక్కడ ప్రతి వెయ్యి మీటర్లకి 70 మీటర్లు ఎక్కాల్సిన చోట్లున్నాయి, అయినా రిగీ రైలుకున్నట్టు పళ్లచక్రం లేదు. ఉక్కు చక్రం, ఉక్కు పట్టా, అంతే.

పైన 2253 మీటర్ల దగ్గర ఓస్పిజియో బెర్నినా స్టేషన్. దానికి కాస్త ముందు రెండు సరస్సులు పక్కపక్కనే వస్తాయి. మొదటిది చిన్నది, నల్లగా ఉంటుంది. దాని పేరే లేయ్ నైర్, అంటే నల్ల చెరువు. రెండోది లాగో బియాంకో, తెల్ల చెరువు. హిమనది అరగదీసిన రాతిపొడి కలిసి, బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. మధ్యలో ఒక ఆనకట్ట. నల్ల చెరువు నీళ్లు ఇన్ నదిలో, దాన్నుంచి డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రానికి పోతాయి. తెల్ల చెరువువి పో నది మీదుగా ఏడ్రియాటిక్‌కి చేరతాయి. నేను లోకల్ బండిలో కిటికీ పైభాగం దించుకుని చూశాను. జూన్ నెలే, అయినా వేళ్లు కొంకర్లు పోయాయి. మంచు వాసన అంటూ ఒకటుంటుందని అప్పుడే తెలిసింది.

తర్వాతి స్టేషన్ ఆల్ప్ గ్రూమ్‌లో దిగేయండి. స్టేషన్ భవనంలోనే హోటల్ ఉంది, ప్లాట్‌ఫాం దాని గుమ్మం. మీ పెట్టెలు పక్కనే ఉంటాయి, అత్తగారు ఒక్క మెట్టూ దిగక్కర్లేదు. ఎదురుగా పాలూ హిమనది, కింద పోస్కియావో లోయ. తర్వాతి బండి దాకా కూర్చోండి. టిరానోకి ముందు బ్రూసియో దగ్గర రైలు తొమ్మిది కమానుల వంతెన మీద గుండ్రంగా తిరిగి తన వంతెన కిందినుంచి తనే వెళ్తుంది. టిరానోలో రెండు స్టేషన్లు పక్కపక్కనే ఉన్నాయి. ఇటాలియన్ స్టేషన్‌లో మిలాన్ టికెట్ విడిగా కొనాలి, పాస్ చెల్లదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోండి. లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడొచ్చు. అక్కణ్ణుంచి రెండున్నర గంటలు, మధ్యలో కోమో సరస్సు ఒడ్డునే చాలాసేపు వెళ్తుంది.

ఇంతా చెప్పాక కూడా అద్దాల పైకప్పు మీద మనసుంటే, ఆ ఎనిమిదో రోజుకే బెర్నినా ఎక్స్‌ప్రెస్ తీసుకోండి. నాలుగు గంటల్లో అయిపోతుంది, కాళ్లు పట్టేయవు. ఆల్ప్ గ్రూమ్ భోజనం మాత్రం వదులుకోవాలి.

ప్రశ్న: స్విట్జర్లాండ్, ఇటలీ రెండూ వెళ్తుంటే షెంగెన్ వీసాకి ఎవరి దగ్గర దరఖాస్తు చేయాలి? – మరో పాఠకుడు

జవాబు: ఎక్కడ ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికి. రెండుచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పై అమ్మగారి ప్లాన్‌లో స్విట్జర్లాండ్‌లో ఏడు రాత్రులు, ఇటలీలో ఒకటి కాబట్టి స్విట్జర్లాండే. పెద్దవాళ్లకి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. వేసవికి ఆ 15 రోజుల మాట నమ్ముకోకండి, ముందే కదలండి. వీసా రాకముందే డబ్బు వాపసు రాని టికెట్లు కొనకండి.

ప్రశ్న: మేం వియన్నా వెళ్తున్నాం. స్విట్జర్లాండ్‌కి బడ్జెట్ లేదు. అక్కణ్ణుంచి కొండ రైలు ఏదైనా ఉందా? హాల్‌స్టాట్ రైల్లో వెళ్లొచ్చా? – ఇంకో పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, అదీ వీటన్నిటికంటే పాతది. గ్లోగ్‌నిట్స్ నుంచి మ్యూర్‌ట్సుష్‌లాగ్ దాకా 41 కిలోమీటర్ల సెమ్మెరింగ్ లైను. కార్ల్ ఫాన్ గేగా అనే ఇంజినీరు 1848లో మొదలుపెట్టి 1854లో పూర్తిచేశాడు. విచిత్రమేమిటంటే, పని మొదలయ్యేనాటికి ఆ కొండ ఎక్కగల ఇంజన్ ఇంకా లేదు. 1851లో పోటీ పెట్టి మరీ ఇంజన్లు తయారు చేయించారు. రెండంతస్తుల రాతి వంతెనలు చూస్తే అతని ధైర్యం అర్థమవుతుంది. ఇప్పుడు ఆ కొండ కింద 27 కిలోమీటర్ల సొరంగం పని జరుగుతోంది. అది తెరిస్తే వేగంగా వెళ్లే రైళ్లు చీకట్లోంచే పోతాయి కాబట్టి, వెళ్లేదేదో ఇప్పుడే వెళ్లండి.

హాల్‌స్టాట్‌కి ఆట్నాంగ్-పుహైమ్‌లో బండి మారాలి. స్టేషన్ సరస్సుకి ఈవలి ఒడ్డున, ఊరు ఆవలి ఒడ్డున ఉంటాయి. బండి దిగగానే కిందికి దిగితే పడవ ఉంటుంది, టికెట్ వేరు. రైళ్ల టైములకి తగ్గట్టే పడవలు నడుస్తాయి. తిరిగొచ్చేటప్పుడు చివరి పడవ ఎన్నింటికో ఊళ్లో అడుగుపెట్టగానే రేవు దగ్గర బోర్డు ఫొటో తీసుకోండి.