పక్క వర్క్‌షాపులో లేని రూలు మా షాపులో ఎందుకు?

ప్రశ్న: ప్రైవేటు ఐటీఐలో టర్నర్ ట్రేడ్ (లేత్ మిషన్ మీద లోహాన్ని తిప్పుతూ చెక్కే పని) చెబుతున్నాను. ఏప్రాన్, బూట్లు లేకుండా వచ్చినవాళ్లను ఇంటికి పంపేస్తాను. పక్కనే ఫిట్టర్ సారు చెప్పులతో వచ్చినా ఏమీ అనరు. పిల్లలు నాది చాదస్తం అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఇన్‌స్ట్రక్టర్, తెనాలి

జవాబు: తమ్ముడూ, లేత్‌ల మధ్యే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. మీ రూల్స్‌లో మిషన్ కోసం పెట్టినవి ఏవి, చూపుల కోసం పెట్టినవి ఏవి? గడ్డం, జుట్టు రంగు, టక్ చేసుకోవడం, ఇవన్నీ ఏప్రాన్‌తో ఒకే గాటన కడితే, చొక్కా చేతి బటన్ పెట్టుకోమన్న మాట కూడా పిల్లలకు సణుగుడులాగే వినిపిస్తుంది.

లేత్‌లో లోహపు ముక్కను పట్టి తిప్పే చక్ తిరుగుతుంటే చున్నీ కొస, వదులు జడ, తాయెత్తు దారం, ఏది చిక్కినా లోపలికి లాగేస్తుంది. స్విచ్ మీద చెయ్యి పడేలోగా జరగాల్సింది జరిగిపోతుంది. అక్కడ గ్లౌజులు కూడా వేసుకోకూడదు. అదే వెల్డింగ్‌లో తోలు గ్లౌజులు లేనిదే పని లేదు. పాలిస్టర్ చొక్కా మీద రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, కాటనే వేసుకోవాలి. ఎలక్ట్రీషియన్ ఉంగరం, కడియం తీయాల్సిందే. అందుకే ట్రేడుకో జాబితా కావాలి. ఫిట్టర్ సారు మీద ప్రిన్సిపాల్‌కి చెప్పకుండా, ఆయన్నే పిలిచి ఆయన షాపు జాబితా ఆయన చేతే రాయించండి. ఆయన దగ్గరా డ్రిల్లింగ్ మిషన్ ఉంది, గ్రైండర్ ఉంది.

పాత 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లో, నడుస్తున్న యంత్రానికి నూనె వేసేవాడు ఒంటికి పట్టిన దుస్తులు వేసుకోవాలని రాశారు. వాటిని యజమానే ఇవ్వాలనీ రాశారు. ఈ రెండోది మన యాజమాన్యాలకు గుర్తుండదు!

ఇంటికి పంపడం మాత్రం ఈరోజే మానేయండి. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మాటిమాటికీ వెనక్కి వెళ్లేది బూట్లు కొనలేని పిల్లాడే, అది నాకు అన్యాయంగా తోస్తుంది. షాపులో నాలుగు ఏప్రాన్లు, రెండు మూడు సైజుల బూట్లు ఉంచమని యాజమాన్యాన్ని అడగండి. అవి వచ్చేదాకా అలాంటివాణ్ని మిషన్ దగ్గరికి పంపకుండా బల్ల దగ్గర వెర్నియర్, మైక్రోమీటర్ లాంటి కొలత పరికరాలతో రీడింగులు తీయించి హాజరు వేయండి. ప్రిన్సిపాల్‌గారైనా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవారైనా బూట్లు లేకుండా మిషన్ల ముందున్న పసుపు గీత దాటకూడదు. మీ వేలి ఉంగరం కూడా తీసి డ్రాయర్‌లో పెట్టండి.

ఫిట్టర్ సారు జాబితాకు ఒప్పుకోకపోతే, ఆయన చెప్పిన కారణంతో సహా నాకు మళ్లీ ఉత్తరం రాయండి.