ఆరుబయటికి స్పీకర్ కొనేముందు ఒక్కసారి ఇది చదువు

చిన్నా,

పార్టీలకు, పిక్నిక్‌లకు తీసుకెళ్లడానికి మంచి బ్లూటూత్ స్పీకర్ చెప్పమన్నావు. ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు గానీ, నువ్వు కొనే నాటికి దాని స్థానంలో ఇంకోటి వచ్చేస్తుంది. అందుకే ఎలా చూసుకోవాలో చెప్తాను, ఎంచుకోవడం నీ పని.

అన్నిటికంటే ముందు, గదిలో విని స్పీకర్ కొనకు. గదిలో గోడలు, పైకప్పు శబ్దాన్ని వెనక్కి కొడతాయి కాబట్టి అరచేతిలో పట్టేది కూడా గది దద్దరిల్లేలా మోగుతుంది. ఆరుబయట దానికి ఆ ఆసరా ఉండదు. పోయిన శబ్దం పోయినట్టే, దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) తగ్గిపోతుంది, ఇక బేస్, అంటే ధిమ్మనే లోతైన శబ్దం సంగతైతే, గదిలో విన్నది ఇదేనా అనిపిస్తుంది. నీ స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా ఆ మోడల్ ఉంటే అడిగి తీసుకుని మైదానంలో పెట్టు. వాల్యూమ్ నిండా పెంచి ఓ ఇరవై అడుగులు వెనక్కి నడిచి విను. చాలా స్పీకర్లు వాల్యూమ్ చివరికి వచ్చేసరికి తమను తాము కాపాడుకోవడానికి బేస్‌ను తగ్గించేస్తాయి, మిగిలేది గొంతు, తాళాల కీచు. నీకు అక్కడ నచ్చితేనే అది నీ స్పీకర్.

వాట్లు చూసి మోసపోకు. 20 వాట్లది, 40 వాట్లది పక్కపక్కన పెడితే, మిగతావన్నీ ఒకేలా ఉన్నా తేడా 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోగినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. వాట్ల కంటే స్పీకర్ సైజు, బరువు ఎక్కువ నిజం చెప్తాయి, ఎందుకంటే బేస్ రావాలంటే గాలిని బాగా కదపాలి, చిన్న డబ్బాకు అది కష్టం.

ఇప్పుడు నీళ్ల సంగతి, దీని దగ్గర నేను దెబ్బ తిన్నాను. "వాటర్‌ప్రూఫ్" అన్న మాట చూసి ఒకటి కొని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాను. డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంది, దుమ్మునూ నీళ్లనూ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్ అది. ఆ ఎక్స్ అంటే దుమ్ముకు రేటింగ్ ఇవ్వలేదని అర్థమని నాకప్పుడు తెలియదు. సాయంత్రానికి ఛార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూత అంచున ఇసుక చేరింది, మూత సరిగా నొక్కుకోలేదు. రెండు వారాల తర్వాత తెరిచి చూస్తే లోపలి పిన్నుల మీద పచ్చగా చిలుము. అప్పుడు తెలిసింది, ఈ పరీక్షలు మంచినీళ్లతో చేస్తారు, ఉప్పునీళ్లకు హామీ లేదు. నువ్వు ఐపీ67 ఉన్నదే తీసుకో: 6 అంటే దుమ్ము లోపలికి పోదు, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుంది. ఐపీఎక్స్4 అంటే చిందిన నీళ్ల వరకే. బీచ్‌కో స్విమ్మింగ్ పూల్‌కో వెళ్లొచ్చాక మంచినీళ్లతో కడిగి తుడువు, పోర్టు పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకు. రెండు చివర్లా రబ్బరులా మెత్తగా ఊగే పలకలు ఉంటే వాటిని బేస్ కోసం పెడతారు, వేళ్లతో నొక్కనివ్వకు, ముఖ్యంగా పిల్లల్ని.

బ్యాటరీ 20 గంటలని రాస్తే అది మధ్యస్థంగా మోగించినప్పటి మాట. పార్టీలో మోగించే వాల్యూమ్‌కు అందులో సగం కూడా రాకపోవచ్చు, అలా లెక్కేసుకునే కొను. ఎండలో కారులో వదిలెయ్యకు, లిథియం బ్యాటరీకి వేడి అంటే పడదు.

రెండు స్పీకర్లు కలిపి మోగిద్దామనే ఆలోచన ఉంటే ముందే చూసుకో, ఒకే కంపెనీవైనా పాతవి కొత్తవాటితో కలవకపోవచ్చు. కుదిరితే పెద్దదొకటి కొనే బదులు, ఒకదానితో ఒకటి కలిసే చిన్నవి రెండు తీసుకోమంటాను. మనుషులు అటూ ఇటూ చెదిరి కూర్చునే చోట చెరోవైపు పెడితే ఒక్కదాన్నే గట్టిగా అరిపించక్కర్లేదు, దగ్గర కూర్చున్నవాళ్లు కూడా హాయిగా మాట్లాడుకుంటారు.

ఇంకోటి, ఫోన్ జేబులో పెట్టుకుని జనంలో తిరిగితే పాట తెగిపోతుంది, ఒంట్లోని నీరు బ్లూటూత్ సిగ్నల్‌ను పీల్చేస్తుంది కాబట్టి. ఫోన్‌ను స్పీకర్ దగ్గరే పెట్టు. స్పీకర్‌ను గడ్డిలో పడెయ్యకుండా ఏ స్టూలు మీదో ఎత్తులో పెట్టి, వెనక గోడ ఉండేలా చూసుకో, పోయిన బేస్ కొంత తిరిగొస్తుంది. అయితే పక్కింటి వైపు తిప్పకు.

కొన్న రోజే బయట పెట్టి విను, రిటర్న్ గడువు దాటాక కాదు. విన్నాక ఎలా ఉందో నాకు రాయి.

నీ బాబాయ్