మా వాడు ఇంజనీరింగ్ వద్దంటున్నాడు, జాజ్ పియానో నేర్చుకుంటాడట

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. చిన్నప్పటి నుంచి చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఏడాదిగా జాజ్ అంటూ రాత్రి పన్నెండింటి దాకా హెడ్‌ఫోన్స్ తీయడు. ఇంజనీరింగ్‌లో చేరను, జాజ్ పియానిస్టునవుతా అంటున్నాడు. ఇష్టమైన ఆల్బమ్‌ల లిస్టు కూడా రాసిచ్చాడు, మీకు పంపుతున్నాను. మాకు ఇందులో ఓనమాలు తెలియవు. ఇది అన్నం పెట్టే పనేనా?

జవాబు: నాకు ఉత్తరాలతో పాటు మార్కుల మెమోలు, ర్యాంకు కార్డులు వస్తుంటాయి. పాటల లిస్టు రావడం ఇదే మొదలు. నాకూ జాజ్ అనే ఈ అమెరికా సంగీతం గురించి తెలిసింది తక్కువే. నాలుగు రోజులు రాత్రి భోజనమయ్యాక కూర్చుని లిస్టంతా విన్నాను. సికింద్రాబాద్‌లో పియానో నేర్పే ఒక మిత్రుణ్ణి, పిల్లవాణ్ణి ఏం అడగాలో కనుక్కున్నాను. ఆ తర్వాతే మీ బాబుకు ఫోన్ చేశాను.

లిస్టులో మొదటిది ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959 నాటిది. జాజ్ అనగానే ఎవరైనా ముందు చెప్పే పేరు అదే, కాబట్టి అది చూసి నేనేం మురిసిపోలేదు. అందులో ఐదు పాటలుంటే నాలుగింటికి పియానో బిల్ ఎవాన్స్ వాయించాడు, ఒక్కదానికి వింటన్ కెల్లీ. ఆ సంగతి చెప్పకుండా, ‘అన్నిట్లో పియానో ఒకే తీరుగా ఉందా?’ అని అడిగాను. ‘లేదు సార్, రెండో పాటల వేరే ఆయన లెక్క ఉంది. అండ్ల చెయ్యి హుషారుగ ఉరుకుతది. మిగిలినయి ఆగి ఆగి వాయిస్తడు’ అన్నాడు. కెల్లీ వాయించింది రెండో పాటే. ఎక్కడో చదివి చెప్పాడేమోనన్న అనుమానంతో, బిల్ ఎవాన్స్ ఎవరెవరిని విని అలా తయారయ్యాడని అడిగాను. జాజ్ పియానిస్టు బడ్ పావెల్ పేరు చెప్పాడు. ఆ వెంటనే ఫ్రాన్స్‌కు చెందిన స్వరకర్తలు డెబ్యుస్సీ, రవెల్ పేర్లు చెప్పి, వాళ్లవి వింటుంటే తనకు నిద్ర వస్తోందని కూడా ఒప్పుకున్నాడు. ఆ నిద్ర మాటతోనే నా అనుమానం తీరింది. ఇష్టమైన హీరో ఎవరో చెప్పే పిల్లలు ఊరినిండా ఉంటారు. ఆ హీరో ఎవరిని చూసి నేర్చుకున్నాడో వెతుక్కుంటూ నిద్ర ఆపుకుని వెనక్కి వెళ్లేవాళ్లు అరుదు.

మూడో పేరు పియానిస్టు డేవ్ బ్రూబెక్ ‘టైమ్ ఔట్’. ఇదీ 1959దే. ఇది మీరు కూడా వినండి, అంత కొత్తగా ఏమీ ఉండదు. ‘టేక్ ఫైవ్’ పాట లెక్క ‘తకిట తక’, అంటే ఐదు. ‘బ్లూ రొండో’ అనే ఇంకోదానికి ‘తక తక తక తకిట’ అని వేళ్లతో లెక్కపెట్టండి, తొమ్మిది సరిగ్గా సరిపోతుంది. 1958లో విదేశీ పర్యటనకు వెళ్లినప్పుడు ఇస్తాంబుల్ వీధిలో వాద్యగాళ్లు వాయిస్తుంటే విని పట్టుకున్న లెక్క అది. అదే పర్యటనలో బ్రూబెక్ మన దేశానికీ వచ్చాడు.

మీకు పనికొచ్చే కథ కూడా బ్రూబెక్‌దే. వాళ్ల నాన్న పశువులు పెంచే రైతు. పశువైద్యం చదవమని కాలేజీలో వేస్తే, ఇతను సంగీతానికి మారిపోయాడు. నొటేషన్, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చదవడం రాదని చివర్లో బయటపడింది. జీవితంలో ఎవరికీ పియానో పాఠాలు చెప్పనని మాట తీసుకుని పట్టా ఇచ్చారు. మీ బాబు ఈ కథ నాకు నవ్వుతూ చెప్పాడు, తనకూ నొటేషన్ రాదు గనుక. నేను మాత్రం నవ్వలేదు. మన దగ్గర పియానో వచ్చినవాళ్లకు నెలనెలా డబ్బు తెచ్చేది పాఠాలే. అవి చెప్పనని మాటిచ్చి బతకడం బ్రూబెక్‌కు చెల్లింది.

పియానిస్టు హెర్బీ హాంకాక్ కూడా లిస్టులో ఉన్నాడు, ‘మెయిడెన్ వాయేజ్’. కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మొదలుపెట్టి సంగీతంలోకి మారాడు. చివర్లో మరో పియానిస్టు విజయ్ అయ్యర్. తమిళ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టి, యేల్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు హార్వర్డ్‌లో పాఠాలు చెబుతున్నాడు. ఆయన 2011 ఆల్బమ్ ‘తీర్థ’లో తబలా వాయించిన నితిన్ మిట్ట మన హైదరాబాద్ మనిషే. ఇది చదవగానే మీరు బాబును పిలిచి ‘చూశావా, ఆయన పీహెచ్‌డీ చేసి మరీ వాయిస్తున్నాడు’ అంటారని నాకు తెలుసు. దయచేసి అనకండి. అయ్యర్ మూడేళ్ల వయసు నుంచి పదిహేనేళ్లు వయొలిన్ నేర్చుకున్నాడు. హాంకాక్ పదకొండేళ్లకే షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి మోజార్ట్ వాయించాడు. మన బాబుకు వీళ్లలో ఎవరికీ లేని తొందర ఉంది, ఎవరికీ లేనంత ఆలస్యమూ ఉంది.

ఆ ఆలస్యం ఎంతో ఫోన్‌లోనే తెలిసింది. ఒక పాట వాయించి వినిపించాడు, బాగుంది. మిత్రుడు చెప్పినట్టే, అదే పాటను ఎఫ్ షార్ప్ అనే వేరే స్కేల్‌లో వాయించమన్నాను. ‘ఒక్క నిమిషం సార్’ అన్నాడు. టక్ టక్ మని బటన్ నొక్కిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అది ట్రాన్స్‌పోజ్ బటన్. పాడేవాళ్ల గొంతును బట్టి శ్రుతి మారుతుంటుంది కాబట్టి, వేళ్లు మాత్రం సి స్కేల్‌లోనే ఉంచి బటన్‌తో పని కానిస్తారు. చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో అది చాలు. అసలు పియానోకు ఆ బటన్ ఉండదు. జాజ్‌లో పన్నెండు స్కేళ్లలో ఏది అడిగినా వేళ్లే వెళ్లాలి. పైగా బాబు దగ్గరున్నది 61 కీల తేలికపాటి కీబోర్డు. 88 కీలుండి, నొక్కితే అసలు పియానోలా బరువు తగిలే డిజిటల్ పియానో కావాలంటే 40, 50 వేలు పెట్టాలి. ఇప్పుడే కొనకండి, ఎందుకో కింద చెబుతాను.

అన్నం సంగతి. కేవలం జాజ్ వాయించి మన దేశంలో ఇల్లు నడపడం చాలా కష్టం. పాఠాలు, స్టూడియోలో కీబోర్డు ప్రోగ్రామింగ్, హోటళ్లలో వాయించడం, పెళ్లి కచేరీలు, ఇవన్నీ కలిపితే బతుకుతారు. మీ బాబు లిస్టులో బిల్ ఎవాన్స్ 1961లో న్యూయార్క్ క్లబ్బులో వాయించిన రికార్డు ఉంది. చెవిపెట్టి వింటే వెనక గ్లాసుల చప్పుడు, జనం ముచ్చట్లు వినిపిస్తాయి. అంతటివాడు వాయిస్తున్నా తినేవాళ్లు తింటూనే ఉన్నారు. బాబు పని కూడా చాలాకాలం అలాగే ఉంటుంది, ఇప్పుడే చెప్పి ఉంచండి.

నా సలహా ఇది. పరీక్షలయ్యే దాకా రాత్రి హెడ్‌ఫోన్స్ పదింటికి తీసేయాలి. ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) రాయనివ్వండి, కానీ బీటెక్ కోసం పట్టుబట్టకండి. నాకైతే దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా హైదరాబాద్‌లో మూడేళ్ల డిగ్రీయే మేలనిపిస్తోంది. సాయంత్రాలు ఖాళీ ఉంటాయి, టీచర్ దొరుకుతారు, లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే సంగీతం గ్రేడ్ పరీక్షలు అక్కడే రాయొచ్చు. ఎక్కడో ఊరవతల హాస్టల్లో పడేస్తే బీటెక్ సగంలో ఆగుతుంది, పియానో మొత్తానికే ఆగుతుంది. పూర్తిగా సంగీతమే చదవాలంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది, గ్రేటర్ నోయిడాలో గ్లోబల్ మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఫీజు కట్టే ముందు, ఇచ్చే సర్టిఫికెట్‌కు డిగ్రీ విలువ ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. బాబు కలవరించే బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కాలేజీకి (అయ్యర్ చదివిన బర్క్‌లీ వేరు) ఏడాది ఫీజే మన డబ్బుల్లో 40 లక్షల పైమాట. స్కాలర్‌షిప్ లేకుండా పొలం అమ్మి పంపే ఆలోచన చేయకండి.

పరీక్షలయ్యాక రెండు నెలలు వారానికోసారి రైల్లో సికింద్రాబాద్ పంపి, నొటేషన్ నేర్పించండి. ఆ రెండు నెలలూ విసుక్కోకుండా వెళ్లొస్తే అప్పుడు పియానో కొనండి.

ఈలోగా ఒక పని చెప్పాను. ఆ ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ఇన్సులేషన్ టేపు అతికించమన్నాను, సరేనన్నాడు. వచ్చే ఆదివారం ఆరాధనలో పాట కాస్త తడబడొచ్చు, పాస్టర్ గారికి ముందే ఓ మాట చెప్పి ఉంచండి.