నాన్నగారి బండి, పక్కచూపు

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, గ్లకోమా (కంట్లో నీటికాసులు) ఉంది. మోకాళ్ల నొప్పులని అన్నయ్య మొబిలిటీ స్కూటర్ (నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి) కొనిచ్చాడు. నడపనివ్వచ్చా?
– ఒక కూతురు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు కంటి డాక్టరు దగ్గర ఫీల్డ్ టెస్ట్ (పక్కచూపు ఎంతుందో చూసే పరీక్ష) చేయించండి. గ్లకోమా సాధారణంగా ముందు పక్కచూపునే తినేస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు చదువుతారు, పక్కనుంచొచ్చే ఆటో కనబడదు. మా అమ్మా అంతే. లాసన్స్ బే కాలనీలో షాపుల బోర్డులన్నీ చదువుతూనే, ఎడమపక్క గట్టు చూసుకోక బండి ఒరగేసుకుంది. మోచెయ్యి దోక్కుపోయింది. కంగారులో బండి నడిపే మీట ఇంకా గట్టిగా నొక్కిందట! మీట వదిలేస్తే బండి దానంతటదే ఆగుతుంది. మీ నాన్నగారితో ఇలా మీట వదలడం ఇంటిముందే ఇరవైసార్లు చేయించండి. మలుపు దగ్గర ఆగి, మెడ పూర్తిగా తిప్పి చూడాలి.

బ్రిటన్‌లో ఈ బండ్లవాళ్లు 12.3 మీటర్ల నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలంటారు. మీరూ కొలిచి చూడండి, కానీ దాంతో పక్కచూపు సంగతి తేలదు.

వేగం బిరడాని తాబేలు బొమ్మ (నెమ్మదికి గుర్తు) దగ్గరే ఉంచండి. బీచ్ రోడ్డుకైతే పొద్దున్నే, పక్కన మీరు నడుస్తూ. సముద్రం మీంచి ఎండ కళ్లలో కొడుతుంది, అంచున్న టోపీ పెట్టండి. చీకటి పడ్డాక మాత్రం వద్దమ్మా.